ఆడుకునే గదే పిల్లల మొదటి బడి



మీలో కొందరు తెల్లవారకముందే లేచి, బస్సెక్కి వచ్చారు. లోపల మీ మనిషి మంచం మీద ఉన్నాడు. చీటీ ఎప్పుడు పిలుస్తారో అని మీ చెవి అటే ఉంది. ఇలాంటప్పుడు పిల్లల ఆటల గురించి మాట్లాడతానంటే, "మా బాధలో మేముంటే ఇదేం మాట సిస్టరమ్మా" అని మీకు అనిపించవచ్చు. కానీ మీ ఒళ్లో, మీ పక్కన, ఆ వరండా చివర కుళాయి దగ్గర మూడేళ్ల పిల్లలు, నాలుగేళ్ల పిల్లలు ఉన్నారు. పెద్దల జబ్బు గురించి మీతో రోజూ మాట్లాడుతూనే ఉంటాం. ఈ కాసేపు ఆ పిల్లల గురించి వినండి.

ఆదివారం రాని నొప్పి

కొన్నాళ్ల కిందట ఒక అవ్వ తన మనవరాలిని ఓపీకి తీసుకొచ్చింది. పాపకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

"పొద్దున లేస్తానే కడుపునొప్పి అంటాది సిస్టరమ్మా. పొద్దెక్కితే మళ్లా బాగుంటాది" అంది అవ్వ.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. మూత్ర పరీక్ష చేయించాం. బరువు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు నేను ఒక్క మాట అడిగాను: "అవ్వా, ఆదివారం కూడా నొప్పి వస్తుందా?"

అవ్వ కాసేపు ఆలోచించి, "ఆదివారం రాదు" అంది.

సంగతి ఏమిటంటే, పాప మొన్నటివరకు ఊళ్లో అంగన్‌వాడీకి పోయేది. ఆ ఏడాదే ఒక ప్రైవేటు బడిలో వేశారు. అక్కడ మూడేళ్ల పిల్లలు కూడా బెంచీ మీద చేతులు కట్టుకొని కూర్చోవాలి. రోజుకు నాలుగు పేజీలు రాయాలి. రాయకపోతే నిలబడాలి.

"అంగన్‌వాడీ ఎందుకు మానిపించారు అవ్వా?" అని అడిగాను.

"అక్కడ ఏముంది సిస్టరమ్మా? గుడ్డు పెడతారు, ఆడిస్తారు, ఇంటికి పంపిస్తారు. ఒక్క అచ్చరం రాయించరు. నా కొడుకూ కోడలూ సుగ్గికి పోయి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసి పంపిన దుడ్లు ఇవి. పాప అన్నా మా మాదిరి కాకూడదని ఆ బడిలో ఏసినాం."

ఆ అవ్వను నేను తప్పు పట్టలేదు. ఆమె మాటలో ఎంత ఆశ ఉందో మీకూ తెలుసు. పైగా అదే తప్పు నేనూ చేశాను. నర్సింగు డిప్లొమాలో పిల్లల ఎదుగుదల గురించి చదివి పరీక్ష రాసినదాన్ని. అయినా నా కొడుక్కి మూడేళ్లు నిండగానే, డ్యూటీ నుంచి ఇంటికి రాగానే పలక పట్టించి, చెయ్యి పట్టి దిద్దించేదాన్ని. వాడు ఏడిస్తే కోప్పడేదాన్ని. ఒకరోజు పలక కనపడలేదు. రెండు రోజుల తర్వాత బియ్యం డ్రమ్ములో దొరికింది. వాడే దాచిపెట్టాడు. రెండో తరగతి దాకా పుస్తకం చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఆ పలక గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆ పాప కడుపునొప్పి నాటకం కాదు. భయం వల్ల చిన్నపిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. అయితే నొప్పి వల్ల పిల్ల రాత్రి నిద్రలోంచి లేస్తున్నా, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం వంటివి ఉన్నా, అది భయమేలే అని వదిలేయకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఆటలో పిల్ల ఏం నేర్చుకుంటుంది?

పిల్ల బొమ్మరిల్లు కట్టి, చిన్న ముంతలో మట్టి వేసి, "బువ్వ ఉడికింది, తిను నాయనా" అంటుంది. మనం నవ్వుకుంటాం. కానీ ఆ పిల్ల అమ్మ మాటలన్నీ గుర్తు పెట్టుకుంది, వాటిని వరసగా చెబుతోంది, లేని అన్నాన్ని ఉన్నట్టు ఊహిస్తోంది. రేపు బడిలో "అ" అనే గీతను చూసి అది ఒక శబ్దానికి గుర్తు అని తెలుసుకోవాలంటే ఈ శక్తే కావాలి.

చింతపిక్కలను ఒక పక్క, కానుగ కాయలను ఒక పక్క పోస్తుంది. అది లెక్కలకు మొదలు. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏది దేనితో కలుస్తుంది అని చేతులతో తెలుసుకున్న పిల్లకు తర్వాత అంకెలు బరువు కావు.

నలుగురు పిల్లలకు ఒకే బంతి ఉంటే "నా తర్వాత నువ్వు" అనడం నేర్చుకుంటారు. ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు చేతులు గట్టిగా పట్టుకోవాలని, తను వదిలితే ఎదుటివాళ్లు పడతారని తెలుస్తుంది.

ఇక రాత సంగతి. ఇది నర్సుగా చెబుతున్నాను. పుట్టిన బిడ్డ మణికట్టులో చిన్న ఎముకలు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే కనపడవు. మణికట్టులో ఆ చిన్న ఎముకలు మొత్తం 8. మూడేళ్ల వయసులో ఎక్స్‌రేలో సుమారుగా రెండు మూడే కనిపిస్తాయి. మిగతావి ఏళ్ల మీద ఒకటొకటిగా గట్టిపడతాయి. వేళ్ల కండరాలు కూడా అంతే. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చించడం, నీళ్లు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయడం వంటి పనులతో ఆ వేళ్లకు బలం, అదుపు వస్తాయి. మన పక్క మట్టి ఎద్దుల అమావాస్యకు పెద్దలు ఎద్దులు చేస్తుంటే పిల్లలు పక్కన కూర్చొని కొమ్ములు లాగుతారు గదా, అదే రాతకు ముందు పాఠం. పెన్సిలు ఆ తర్వాత దానంతట అదే చేతికి కుదురుతుంది.

గది కూడా పాఠం చెబుతుంది

ఈ సంగతి మొదట గట్టిగా చెప్పినవాళ్లలో ఒకరు డాక్టరే. ఆమె పేరు మరియా మాంటిస్సోరి, ఇటలీ దేశస్థురాలు. 1907 జనవరిలో రోము నగరంలో కూలివాళ్లుండే శాన్ లొరెంజో పేటలో పిల్లల కోసం ఒక చిన్న ఇల్లు తెరిచింది. పిల్లల ఎత్తుకు సరిపోయే చిన్న బల్లలు, వాళ్ల చేతికి అందే అల్మారాలు పెట్టించింది. వస్తువును పిల్ల తనే తీసుకోవాలి, తనే తిరిగి సర్దాలి అంది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధం జరిగిన ఏళ్లన్నీ మన దేశంలోనే ఉండి ఎంతోమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన వకీలు పని వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. పిల్లలు ఆయన్ని మీసాలున్న అమ్మ అని పిలిచేవారట.

మన ప్రభుత్వం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని మొదలుపెట్టింది. మన అంగన్‌వాడీలు దాని కిందే నడుస్తున్నాయి. చాలామంది అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు మాత్రమే అనుకుంటారు. కానీ ఆ పథకంలో 6 సేవలున్నాయి. వాటిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో బడి చదువుకు ముందు నేర్పే విద్య ఒకటి. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా తీసుకొని, ఆటల ద్వారానే నేర్పాలని చెప్పింది. అంటే ఆడించడం టీచరమ్మ సోమరితనం కాదు. అదే ఆమె పని.

మరి ఆ గది ఎలా ఉండాలి? మీరు పోయి చూడండి. పెద్ద భవనం అక్కరలేదు. ఈ నాలుగైదు సంగతులు చాలు.

ఒక మూల బొమ్మలు, చిన్న వంటసామాను ఉండాలి. ఒక మూల కట్టెముక్కలు, ఖాళీ డబ్బాలు, మూతలు ఉండాలి. ఒక మూల చాప పరిచి బొమ్మల పుస్తకాలు పెట్టాలి. బయట నీడలో ఇసుక, నీళ్లు ఉండాలి. గది మధ్యలో పిల్లలు గుండ్రంగా నిలబడి పాడి ఆడేందుకు ఖాళీ చోటు ఉండాలి.

గోడ మీది బొమ్మలు పిల్లల కంటి ఎత్తులో ఉండాలి. మన కంటి ఎత్తులో కట్టిన చార్టు మనకే కనపడుతుంది. నేల మీద కూర్చున్న మూడేళ్ల పిల్లకు అది కప్పులాగే ఉంటుంది.

ఆట వస్తువులు పిల్లల చేతికి అందాలి. గాలి, వెలుతురు ఉండాలి. తాగే నీళ్లు, చేతులు కడుక్కునే చోటు దగ్గరలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్ల ఆడుతుంటే కూర్చొని చూసి, "ఎన్ని కట్టెలు పెట్టినావు? ఇంకొకటి పెడితే ఏమైతాది?" అని అడిగే ఒక పెద్ద మనిషి ఉండాలి.

తాళం వేసిన పెట్టె

నేను టీకాల పని మీద ఒక పల్లెలో కేంద్రానికి పోయాను. ఏ ఊరో చెప్పను. పిల్లలు గోడకు ఆనుకొని వరసగా కూర్చున్నారు. ఆట సామాను ఏది అని అడిగితే టీచరమ్మ ఒక రేకు పెట్టె చూపించింది. దానికి తాళం ఉంది. తీసి చూస్తే రంగురంగుల కట్టెముక్కలు, పూసలు, బొమ్మలు, అన్నీ కొత్తగా మెరుస్తున్నాయి.

"ఎందుకమ్మా దాచిపెట్టావు?" అన్నాను.

"పగిలినా, పోయినా నేనే లెక్క చెప్పాల సిస్టర్. పైగా పిల్లల అమ్మలొచ్చి, ఆడిస్తానే ఉండావా, చదువు చెప్పవా అని నన్నే అంటారు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ తాళం వేసింది టీచరమ్మ ఒక్కతే కాదు, మనమూ వేశాం. "ఈరోజు ఏం రాయించావు?" అని అడిగి అడిగి ఆ పెట్టె మూయించాం.

తర్వాత అక్కడి తల్లులతో కూర్చొని మాట్లాడాం. పగిలితే ఆమె మీద వేయము, మేమే ఏదో ఒకటి చేసి తెస్తాం అన్నారు. ఒక అవ్వ పాత చీర ముక్కలతో బొమ్మలు కుట్టింది. ఒకాయన వడ్రంగి పనిలో మిగిలిన కట్టెముక్కలు గీకి నున్నగా చేసి ఇచ్చాడు. జొన్న దంట్లతో బండి చేసింది ఒక తాత. ఆ బండి కోసం పిల్లలు కొట్టుకున్నారు కూడా. నెల తర్వాత పోతే పెట్టె తెరిచి ఉంది. మూడు బొమ్మలు విరిగాయి. పిల్లల గొంతులు వీధి దాకా వినపడుతున్నాయి.

తిండితో పాటు ఆట

పిల్ల బక్కగా ఉంటే ముందు తిండి పెట్టాలి, ఆట తర్వాత చూద్దాం అనుకుంటాం. తిండి తప్పనిసరే. కానీ తిండి ఒక్కటే చాలదు.

జమైకా దేశంలోని కింగ్‌స్టన్‌లో 1986, 1987 సంవత్సరాల్లో డాక్టర్లు ఒక పరిశీలన మొదలుపెట్టారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల వయసు గల, ఎదుగుదల లేక పొట్టిగా ఉన్న 129 మంది పేద పిల్లలను తీసుకున్నారు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, ఒక గంటసేపు పోయి, ఇంట్లో చేసిన బొమ్మలతో పిల్లతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. కొందరికి రెండూ ఇచ్చారు. కొందరికి రెండూ లేవు. ఇలా రెండేళ్లు చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వెతికి చూస్తే, తల్లులకు ఆట నేర్పిన ఇళ్ల పిల్లల సంపాదన, ఆ ఆట అందని పిల్లల కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ లెక్క 2014లో అచ్చయింది. పాలపొడి మాత్రమే అందిన పిల్లల్లో అంత కాలం నిలిచిన లాభం కనపడలేదు.

ఆ కార్యకర్తలు తీసుకుపోయినవి ఖరీదైన సామాను కాదు. మన ఇళ్లలో పారేసే డబ్బాలు, గుడ్డముక్కల వంటివే.

ఇంట్లోనూ, ఇక్కడ వరండాలోనూ

రోజూ ఒక అరగంట పిల్లతో ఆడండి. పప్పు ఏరేటప్పుడు నాలుగు గింజలు పిల్ల ముందు పెట్టి "ఇవి ఎన్ని?" అనండి. ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు నాయన చొక్కా ఏది, అన్న చొక్కా ఏది అని వేరు చేయించండి. రాత్రి ఒక కథ చెప్పండి. మన అవ్వలకు వచ్చిన కథలు ఏ బడిలోనూ దొరకవు.

ఇక్కడ ఆసుపత్రిలో మీరు వారం రోజులు ఉండవలసి వస్తే, పిల్లను "కదలకుండా కూర్చో" అని వారమంతా కూర్చోబెట్టకండి. ఒక గుడ్డ బొమ్మ, రెండు మూడు ఖాళీ డబ్బాలు ఇంటి నుంచి తెచ్చుకోండి. పిల్ల బొమ్మకు సూది వేస్తున్నట్టు ఆడితే ఆపకండి. చూసిన భయాన్ని పిల్ల అలాగే బయటికి తీసేస్తుంది. అయితే వాడిన సూదులు, దూది, సెలైన్ గొట్టాలు మాత్రం ముట్టనివ్వకండి. చేతులు సబ్బుతో కడిగించండి.

ఊరుకోబెట్టడానికి సెల్‌ఫోను చేతికి ఇవ్వడం ఇప్పుడు ఎక్కువైంది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు ఫోను, టీవీ వద్దే వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటకూడదని, ఇంకా తక్కువైతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదే సంస్థ మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలని కూడా చెప్పింది.

జాగ్రత్తలు

మూడేళ్ల లోపు పిల్లలకు నోట్లో పట్టే చిన్న వస్తువులు ఇవ్వకండి. చింతపిక్కలు, పూసలు, నాణేలు పెద్ద పిల్లలకే, అదీ పెద్దవాళ్లు చూస్తుండగానే.

వేరుశనగ విత్తనాలు, అంటే మన బుడ్డలు, ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలుగా పెట్టకండి. ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. దంచి పొడి చేసి పెట్టండి.

ఆట బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చగలదు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

రంగు పెచ్చులూడే చౌక బొమ్మలు వద్దు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. అది మెదడుకు విషం. కొనగలిగితే, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలు మన రాష్ట్రంలోనే దొరుకుతాయి. కొనలేకపోతే గుడ్డ బొమ్మ చాలు.

ఆడని పిల్లను చూపించండి

ఆట పిల్ల ఆరోగ్యానికి అద్దం. ఎప్పుడూ నీరసంగా ఒక మూల కూర్చునే పిల్లకు రక్తహీనత ఉండవచ్చు. కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉందేమో చూడండి. పిలిస్తే తిరగని పిల్లకు వినికిడి లోపం ఉండవచ్చు. బొమ్మను మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంటే చూపు సరిగా లేకపోవచ్చు. ఏడాదిన్నర దాటినా వేలితో చూపించి అడగకపోయినా, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా, మూడు నాలుగేళ్లకు కూడా ఇతర పిల్లల వైపే చూడకపోయినా, "మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే" అని సర్దుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ రోజు పిల్లను తప్పక పంపండి. ఎంత ముందుగా తెలిస్తే అంత మేలు.

మీరు అడిగే రెండు ప్రశ్నలు

"ఆడుతూ ఉంటే ఒకటో తరగతిలో వెనకబడరా సిస్టర్?" వెనకబడరు. మాట, లెక్క, ఓపిక, వేళ్ల బలం ముందుగా వచ్చిన పిల్ల అక్షరాలు తొందరగానే పట్టుకుంటుంది.

"అయితే ప్రైవేటు బడికి పంపకూడదా?" ఏ బడి అనేది కాదు, ఏ గది అనేది చూడండి. ఫీజు కట్టకముందు లోపలికి పోయి చూడండి. మూడేళ్ల పిల్లలు నేల మీద ఏదో కడుతూ, పాడుతూ, మాట్లాడుతూ ఉంటే పంపండి. గది నిశ్శబ్దంగా ఉండి, చేతులు కట్టుకొని కూర్చుంటే మళ్లీ ఆలోచించండి. సుగ్గికి పిల్లలను వెంట తీసుకుపోయేవాళ్లు, పోయిన ఊళ్లో కూడా దగ్గరి అంగన్‌వాడీకి పోయి అడగండి. మిరప చేను గట్టు మీద పిల్లను ఒంటరిగా వదలకండి.

ఆ అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. కట్టిన ఫీజు తిరిగి రాదని ఆమెకు చాలా బాధ. ఫోనులో కొడుకు కూడా కోప్పడ్డాడు. అయినా సంక్రాంతి తర్వాత పాపను మళ్లీ అంగన్‌వాడీకే పంపింది. ఎండాకాలంలో పాప అమ్మానాన్నలు ఊరికి వచ్చారు. ఆ తండ్రి తన తల్లి మందుల కోసం మా ఓపీకి వచ్చినప్పుడు నాతో అన్నాడు: "నేను కూలి దుడ్లు లెక్క పెడతా ఉంటే, పక్కన కూర్చొని చింతపిక్కలు పెట్టి నాతోపాటు లెక్క పెట్టింది సిస్టర్. ఎవరూ రాయించలేదంట." కడుపునొప్పి మళ్లీ రాలేదని అవ్వ చెప్పింది.

కాబట్టి ఈ సాయంత్రం ఇంటికి పోయాక, మీ పిల్లను "ఈరోజు ఏం రాశావు?" అని అడగకండి. "ఈరోజు ఏం ఆడావు?" అని అడగండి. చెప్పేంతవరకు ఓపికగా వినండి.